చీరాల: ఊరు ఊరంతా లేచి వెళ్లిపోయిన కథ

పోయిన ఎపిసోడ్‌లో మనం స్విట్జర్లాండ్‌లో గ్లారుస్ అనే చిన్న ఊరు చూశాం, గుర్తుందా? చుట్టూ గోడ కట్టినట్టు కొండలు, పక్కన లిన్త్ నది, 1861లో ఒక్క రాత్రిలో చాలా భాగం కాలిపోయి మళ్లీ గళ్ల నోటుబుక్కులా నిటారు వీధులతో కట్టుకున్న ఊరు. ఆ వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడు రెండు విషయాల దగ్గర నేను ఆగిపోయాను. రెండూ చూస్తుంటే మా వైపు ఊరొకటి గుర్తొచ్చింది. అదే చీరాల.

మొదటిది రుమాళ్లు. 19వ శతాబ్దంలో గ్లారుస్ బతికింది గుడ్డ మీద. ఎర్ర రంగు అద్దిన నూలు రుమాళ్లు అచ్చువేసి, ఎత్తయిన చెక్క గోపురాల్లో వేలాడదీసి ఆరబెట్టి, టర్కీ వైపు, ఆఫ్రికా వైపు, ఆసియా వైపు పంపేవాళ్లు. సరిగ్గా ఆ వ్యాపారమే, ఎర్ర రుమాలు, అరబ్బు దేశాలు, ఆఫ్రికా, చీరాల కూడా చేసింది. అచ్చువేసి కాదు, నేసి.

రెండోది 2006. గ్లారుస్ కాంటన్‌లో ప్రతి ఏడాది మే నెల మొదటి ఆదివారం జనం ఊరి మైదానంలో నిలబడి చేతులెత్తి ఓటేస్తారని చెప్పుకున్నాం కదా. పన్ను ఎంత ఉండాలో కూడా అక్కడే తేలుస్తారు. 2006లో అలాగే నిలబడి, కాంటన్‌లో ఉన్న 25 గ్రామ పాలక సంఘాలను కలిపి మూడు చేసేయాలని తీర్మానించారు. 2011 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఊళ్లు కలపాలా వద్దా, పన్ను ఎంత, ఎవరు చెప్పాలి? మైదానంలో నిలబడ్డ మనిషి చెప్పాడు.

ఇదే ప్రశ్న మన దగ్గర దాదాపు వందేళ్ల క్రితం వచ్చింది. జవాబు మాత్రం మద్రాసు నుంచి వచ్చింది. అప్పుడు చీరాల, పేరాల జనం ఏం చేశారన్నదే ఈ ఎపిసోడ్.

ముందు ఊరు ఎక్కడుందో చూద్దాం. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట వైపు నుంచి చీరాలకి బస్సులో వస్తే కిటికీలోంచే భూగోళం పాఠం అయిపోతుంది. మొదట అంతా నల్లరేగడి. పత్తి, మిర్చి, పొగాకు. వానకి అడుగు తీసి అడుగేస్తే చెప్పు ఊడి మట్టిలోనే ఉండిపోయే నేల. సముద్రం దగ్గరపడే కొద్దీ నలుపు తగ్గి, ఇసుక మొదలవుతుంది. తాడిచెట్లు, సరుగుడు తోటలు, జీడిమామిడి, వేరుశనగ. ఊరు దాటి ఇంకో ఆరేడు కిలోమీటర్లు వెళ్తే ఓడరేవు, అక్కడితో నేల అయిపోయింది, ఇక బంగాళాఖాతమే.

ఈ ఇసుక సంగతి కొంచెం మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇసుక కింద కొద్ది లోతులోనే మంచినీళ్లు ఉంటాయి. బాపట్ల, చీరాల రైతులు వెడల్పుగా, లోతు తక్కువగా గుంట తవ్వి నీళ్లు పట్టుకుంటారు. దొరువు అంటారు. దొరువులో ఊరిన నీళ్లతోనే నారుమళ్లు, కూరగాయలు పండించారు తరతరాలుగా. మెట్ట ఊళ్లలో మా తాతల తరం చెరువు నీళ్ల కోసం కావిళ్లు మోస్తుంటే, చీరాలలో పెరట్లో నాలుగు బారలు తవ్వితే నీళ్లన్నమాట.

పేరు గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. క్షీరపురి నుంచి చీరాల అయిందని కొందరంటారు, చీరల ఊరు కాబట్టి చీరాల అని ఇంకొందరు. రెండో మాట వినడానికి బాగుంటుంది గానీ, అంత తేలిగ్గా కుదిరిపోయే అర్థాలంటే నాకు కొంచెం అనుమానమే.

జిల్లా అయితే అడగొద్దు. ఈ కథ జరిగినప్పుడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది, 1972లో అదే ప్రకాశం జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా వచ్చింది, ఇప్పుడు అందులో ఉంది. ఊరు కదల్లేదు, చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. ఊరు నిజంగా కదిలింది ఒక్కసారే.

అక్కడికి వచ్చే ముందు రుమాలు. చీరాలలో నేసిన తేలియా రుమాలు గురించి తెలియకపోతే ఆ ఊరి జనం ఎవరో అర్థం కాదు. పడుగు నూలు, పేక నూలు రెండింటికీ నేతకి ముందే ముడులు కట్టి రంగు వేస్తారు. నేసేటప్పుడు నిలువు దారం మీది రంగు, అడ్డ దారం మీది రంగు సరిగ్గా ఒకే చోట కలవాలి. కలిస్తేనే బొమ్మ. ఒక్క దారం జరిగితే అంచు చెదిరిపోతుంది. కోడ్ రాసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ప్రోగ్రాం మొత్తం ముందే నూలులోకి రాసేసి తర్వాత రన్ చేయడం. మధ్యలో బగ్ దొరికినా దిద్దే వీల్లేదు.

తేలియా అని ఎందుకన్నారంటే నూనె. ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలు చిలపలను నానబెట్టి, పిసికి, ఎండేసి, మళ్లీ నానబెట్టి, ఇలా రోజుల తరబడి చేస్తారు. అప్పుడు గానీ అలిజరిన్ ఎరుపు దారానికి గట్టిగా పట్టదు. గుడ్డ చేతికి మెత్తగా తగులుతుంది, నూనె వాసన పోదు. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. ఎండకి, ఇసుకగాలికి తలకి చుట్టుకోవడానికి అరబ్బు దేశాల్లో దీనికి గిరాకీ. ఆసియా రుమాలు అనే పేరు కూడా ఉంది. ఇంకో రకం రుమాలు మద్రాసు హ్యాండ్‌కర్చీఫ్ పేరుతో పశ్చిమ ఆఫ్రికాకి వెళ్లేది. 36 అంగుళాల చదరపు రుమాళ్లు, నైజీరియాలో పెళ్లిళ్లకి, పండగలకి కట్టుకునేవాళ్లు. ఇక్కడ మగ్గం ముందు కూర్చున్నాయన నైజీరియా పేరు విన్నాడో లేదో గానీ, అక్కడి పెళ్లిలో మాత్రం ఆయన చెయ్యి ఉంది.

ఆ విద్య చీరాల నుంచే తెలంగాణ వైపు వెళ్లింది. పుట్టపాక, పోచంపల్లి. 2020లో తేలియా రుమాలుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పుట్టపాక పేరుతో. అక్కడి నేతగాళ్లు దాన్ని బతికించారు, వాళ్లకి దక్కాల్సిందే. కానీ చీరాల వీధిలో నిలబడి ఆ వార్త చదివితే ఎక్కడో చివుక్కుమంటుంది.

సరే, 1919కి వెళ్దాం. చీరాల, పేరాల అంటే రైలుకట్టని ఆనుకుని పెరిగిన జంట ఊళ్లు. పక్కనే జాండ్రపేట, వీరరాఘవపేట. జాండ్ర అంటేనే నేతవాళ్లు, పేరులోనే వృత్తి ఉంది. నేతగాళ్లు, రైతులు, కూలీలు, చిన్న వ్యాపారులు, అందరూ కలిపి సుమారు 15 వేల మంది. అప్పటిదాకా వీటికి యూనియన్ ఉండేది, అంటే పంచాయతీ లాంటిది. మద్రాసు ప్రభుత్వం వీటిని కలిపి మున్సిపాలిటీ చేసింది.

మున్సిపాలిటీ అంటే ఇవాళ మనకి ప్రమోషన్ లాగా వినిపిస్తుంది. మా ఊరిని మున్సిపాలిటీ చేయండని ధర్నాలు చేస్తారు. అప్పుడు ఎందుకు వద్దన్నారు? లెక్క చూడండి. యూనియన్ కింద ఏడాదికి పన్ను సుమారు 4 వేల రూపాయలు. మున్సిపాలిటీ అయితే 40 వేలు. పదింతలు. 15 వేల మంది మీద పంచితే తలకి నాలుగు అణాల చిల్లర ఉన్నది రెండు రూపాయల పది అణాలు అవుతుంది. ఐదుగురున్న ఇంటికి రూపాయి ఐదు అణాల నుంచి పదమూడు రూపాయల పైకి. ఇది సగటు లెక్క, నేను వేసింది. అసలు పన్ను ఇంటిని బట్టి మారుతుంది. కానీ దెబ్బ ఎంతో తెలియడానికి ఇది చాలు. చేతిమగ్గం మీద రోజు గడిచే ఇంట్లో పదమూడు రూపాయలంటే చిన్న సంగతి కాదు.

ప్రభుత్వం చెప్పిన కారణం పారిశుద్ధ్యం, ఆరోగ్యం. అది ఉత్త సాకు అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. 15 వేల మంది ఒక్కచోట ఉంటే మురుగు ఎవరో ఒకరు చూడాలి కదా. కానీ ఇందాక ఇసుక సంగతి మనసులో పెట్టుకోమన్నాను. వాన నీళ్లు ఇంకిపోయే నేల, పెరట్లోనే మంచినీళ్లు. అలాంటి ఊరి మనిషికి కుళాయి, కాలువ అని చెప్పి పదింతలు పన్ను అడిగితే, నాకు లేని జబ్బుకి మందెందుకు అంటాడు. అడిగి చేసి ఉంటే ఒప్పుకునేవాళ్లేమో. ఎవరూ అడగలేదు.

విచిత్రం ఏంటంటే, 1920 చివర్లో మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం వచ్చింది. స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రి పానగల్లు రాజా, పానగంటి రామారాయణింగారు. మనోళ్లే, తెలుగువాళ్లే. శాఖ పేరేమో స్వపరిపాలన. జనం అర్జీలు పెట్టుకున్నారు, కౌన్సిలర్లు రాజీనామా చేశారు, ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. పన్ను కట్టనివాళ్ల మీద కేసులు పెట్టారు, కొంతమందిని జైల్లో వేశారు. వాళ్లలో రావూరి అలివేలుమంగతాయారమ్మ అనే మహిళ కూడా ఉంది.

ఇక్కడ ప్రవేశించాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టాడు. ఎడింబరో వెళ్లి ఎం.ఏ. చదివాడు. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు, 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు వేశారు. అంత చదువుకున్నవాడు తిరిగొచ్చి పెట్టిన దళం పేరు రామదండు. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, రాముడి సైన్యం అన్నమాట. తోలుబొమ్మలాట, పగటివేషాలు అంటే ప్రాణం పెట్టేవాడు. ఆశువుగా పద్యం చెప్పేవాడు. ఇవాళ ఉండుంటే మా అందరి ఛానెళ్లూ మూసుకోవాల్సిందే.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. అక్కడ జనాన్ని అదుపు చేసింది రామదండే. ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. సలహా అడిగారు. ఆయన రెండు దారులు చెప్పాడు. ఒకటి, అహింసగా పన్ను కట్టకుండా ఉండి, వచ్చిన శిక్ష భరించడం. రెండోది, మున్సిపాలిటీ హద్దు దాటి ఊరు వదిలిపోవడం. ఊళ్లో మనుషులే లేకపోతే మున్సిపాలిటీ ఎవరికి?

చీరాల రెండోది ఎంచుకుంది.

ఏప్రిల్ నెలాఖరులో జనం కదిలారు. 15 వేలల్లో సుమారు 13 వేల మంది. మున్సిపాలిటీ హద్దు బయట తాటాకు పాకలు వేసుకుని దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. ఒక్కసారి నెల చూడండి. మే. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు మా వైపు. ఆ ఎండలో, ఇసుకలో, పాకల్లో ముసలివాళ్లు, బాలింతలు, పసిపిల్లలు. ఆ తర్వాత వానలు. ఆ తర్వాత అక్టోబరు, నవంబరు, ఈ తీరానికి తుఫాన్ల కాలం. కూతవేటు దూరంలో సొంత ఇల్లు తాళమేసి ఉంది. ఒక్క పన్ను రసీదు తీసుకుంటే వెళ్లి పడుకోవచ్చు.

ఈ కథని స్వాతంత్ర్యోద్యమ పాఠంలో రెండు పేరాల్లో చదువుకున్నాం. చీరాల–పేరాల ఉద్యమం, దుగ్గిరాల, ఆంధ్రరత్న, రెండు మార్కుల ప్రశ్న. నాకు ఈ పాఠం వేరే రకంగా అర్థమైంది చీరాలలో ఒక ఇంట్లో గుంట మగ్గం చూశాక. గుంట మగ్గం అంటే పేరులో ఉన్నట్టే, నేలలో గుంట తవ్వి, మనిషి అంచున కూర్చుని, కాళ్లు గుంటలో పెట్టి కర్రలు తొక్కుతూ నేస్తాడు. పడుగు నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి దారానికి కొంచెం చెమ్మ అంది, ఊరికే తెగదు. ఆ మగ్గం ఇంట్లో సామాను కాదండీ, ఇంటి నేలలో భాగం. నేసే పెద్దాయన్ని అడిగాను. ‘‘బాబాయ్, ఇప్పుడు ఊరు వదిలి పొమ్మంటే పోతారా?’’ ఆయన నాడె ఆపలేదు. ‘‘మనిషి పోతాడబ్బాయ్, గుంటనెట్టా మోసుకుపోతాడు?’’ అన్నాడు.

ఆ మాట విన్నాక 13 వేలు అనే అంకె నాకు మునుపటిలా లేదు. పొలం ఉన్నవాడు పాకలోంచి నడిచి పొలానికి పోతాడు. వ్యాపారి కొట్టు మూసి ఉన్నదాంట్లో తింటాడు. నేతగాడు ఇల్లు వదిలాడంటే కూడు వదిలినట్టే. మళ్లీ గుంట తవ్వాలి, మళ్లీ పడుగు సాగదీయాలి. దానికి చెట్టు నీడలో పొడుగాటి వీధి కావాలి. ఇంట్లో ఆడవాళ్లు రాట్నం తిప్పి కండెలు చుట్టకపోతే మగ్గం నడవదు, పాకలో పొయ్యి చూసుకుంటూ అది కూడా వాళ్లే చేయాలి. అందరూ ఒకే ధైర్యం చేశారంటాం గానీ, అందరూ ఒకే ధర కట్టలేదు.

అయినా సుమారు పదకొండు నెలలు ఉన్నారు. రామ్‌నగర్‌లో కులాల వారీగా ప్రతినిధులను ఎన్నుకుని సభ పెట్టుకున్నారు, తగాదాలు తీర్చుకోవడానికి మధ్యవర్తుల కోర్టు పెట్టుకున్నారు. మున్సిపాలిటీ వద్దని వచ్చినవాళ్లు పాలనే వద్దనలేదు, తమ పాలన తామే చేసుకున్నారు. ఆ పాకల మధ్య జరిగిన సభకీ, గ్లారుస్ మైదానానికీ పెద్ద తేడా నాకు కనపడలేదు. ఒక్క మాట చెప్పాలి లెండి, ఆ స్విస్ మైదానంలో ఆడవాళ్లు చెయ్యెత్తడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది.

డబ్బు అయిపోతూ వచ్చింది. విరాళాల కోసం గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్లాడు. మాట్లాడొద్దని ఆంక్ష పెట్టారు, ఆయన మాట్లాడాడు, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకి పంపారు. నాయకుడు లేడు, చేతిలో పైసా లేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్నే ఆపేశాడు. అదే రోజుల్లో పెదనందిపాడులో రైతులు శిస్తు కట్టం అన్నారు, పల్నాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతు ఫిబ్రవరి 22న తుపాకీ గుళ్లకి చనిపోయాడు. గుంటూరు జిల్లా మొత్తం ఒక్క ఏడాదిలో అంత చూసింది. చీరాల జనం పాకలు వదిలి ఇళ్లకి తిరిగొచ్చారు.

ఓడిపోయారా? అప్పటి మటుకు ఓడిపోయారు. దీన్ని గెలుపులా చెప్పేవాళ్లున్నారు, నేనలా చెప్పను. గోపాలకృష్ణయ్య జైలు నుంచి వచ్చాక ఎక్కువ కాలం లేడు. క్షయతో 1928 జూన్‌లో పోయాడు, 39 ఏళ్లకి.

ఊరు మాత్రం సాగింది. మెట్టలో వర్జీనియా పొగాకు పెరిగే కొద్దీ చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీ పెరిగింది, వేలమంది ఆడవాళ్లకి సీజన్ కూలి అదే. నేతగాళ్ల తరఫున మాట్లాడటానికి ప్రగడ కోటయ్య వచ్చాడు. నిడుబ్రోలులో పుట్టి, చీరాల ఎమ్మెల్యే అయి, తర్వాత రాజ్యసభకి వెళ్లి, జీవితమంతా చేనేత గురించే మాట్లాడిన మనిషి. వెంకటగిరి చేనేత టెక్నాలజీ కాలేజీకి ఆయన పేరే ఉంది. ఇప్పుడు చీరాల అంటే కుప్పడం చీర, మహాత్మాగాంధీ క్లాత్ మార్కెట్. మా ఊళ్లలో ఎవరూ పూర్తి పేరు అనరు, ఎంజీసీ మార్కెట్ అంటారు. గుంటూరు యార్డులో మిర్చి అమ్మిన డబ్బు రాగానే, ఇంట్లో పెళ్లి ఉంటే ముందు బస్సెక్కేది చీరాలకే. మా అమ్మ పెళ్లి బట్టలూ అక్కడివే. ఆ మార్కెట్‌లో గాంధీ పేరు చదివి, ఆయన ఇక్కడికొచ్చి ఏం చెప్పాడో తెలిసినవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. 20 ఏళ్లు వచ్చేదాకా నాకూ తెలియదు.

అవును, ఊరికి ఇప్పుడు మున్సిపాలిటీ ఉంది, పన్నూ కడుతున్నారు. ఇసుక నేల కూడా మునుపటిలా లేదు. సిమెంటు పరిచాక నీళ్లు ఎక్కడికి ఇంకుతాయి? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈ తీరంలో పెద్ద వాన పడితే ముందు నిండేది గుంట మగ్గమే. నీళ్లు తోడినా గుంట ఆరేదాకా పని లేదు. నేనడిగిన పెద్దాయన ఇంట్లో గుంట చుట్టూ జానెడు ఎత్తు సిమెంటు గట్టు కట్టుకున్నాడు. నీళ్లు పైనుంచి రాకుండా అట. కింద నుంచి ఊరితే ఎట్లా బాబాయ్ అంటే నవ్వాడు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక్క మాట. చీరాల వెళ్తే పక్కనే వేటపాలెం వెళ్లండి. జీడిపప్పు కొనుక్కోండి, తప్పులేదు, కానీ 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం చూడండి. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. పాత పత్రికల కట్టలున్నాయి, అట్టలు ముట్టుకుంటే పొడి రాలుతుంది, కాబట్టి మెల్లగా తిప్పండి. 1921 మే నెల కాగితాల దగ్గర మొదలుపెట్టండి. నేను వెళ్లిన రోజు సాయంత్రం లైబ్రరీ కట్టేసే టైముకి జూన్ దాకా వచ్చాను. మిగతాది చదివాక ఇంకో ఎపిసోడ్ చేస్తాను. ఉంటానండీ.